చెరువు గట్టుకు కాపలా మనిషి ఎందుకు?



కార్తీక వనభోజనాలు దగ్గర పడుతున్నాయి. మనం ఏటా పోయే చెరువు గట్టుకు ఈ నాలుగేళ్ళుగా ఎన్నో కూటాలు వస్తున్నాయి. చెత్త పెరిగిందని, బయటివాళ్ళను ఇక రానివ్వకూడదని ఆ ఊరి పెద్దలు మాట్లాడుకుంటున్నారు. కాపలాకు మనిషిని పెడదామని మన గ్రూపులో కొందరు రాశారు. ఊళ్ళోనే కల్యాణ మంటపం తీసుకుందామని ఇంకొందరు రాశారు. మాకు ఈ రెండూ సరి అనిపించలేదు. కారణం చెబుతాము.

పోయిన జూన్‌లో కెనడాలో మా అమ్మాయి కుటుంబంతో అలాస్కా హైవే మీద వైట్‌హార్స్ దాకా పోయి వచ్చాము. యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా సైన్యం ఎనిమిది నెలల్లో వేసిన దారి అది. డాసన్ క్రీక్ అనే ఊళ్ళో మొదలవుతుంది. అక్కడి నుంచి వైట్‌హార్స్‌కు సుమారు 1400 కిలోమీటర్లు. రెండు పక్కలా అడవి, దారి ఓరన మేసే అడవి దున్నలు, ఎప్పుడో ఒక పెట్రోలు బంకు. అంతే.

మేము పోయిన బండిని ఆర్.వి. అంటారు. రైల్వేలో పని చేసినవాళ్ళకు సులభంగా చెప్పాలంటే, పెద్ద అధికారులు తనిఖీకి పోయే సెలూన్ పెట్టెకు రోడ్డు చక్రాలు పెట్టినట్టు ఉంటుంది. పడక, పొయ్యి, కక్కసు అన్నీ అందులోనే. అడుగున మూడు తొట్లు. ఒకటి మంచినీళ్ళకు, ఒకటి గిన్నెలు కడిగిన నీళ్ళకు, ఒకటి కక్కసుకు. వాడిన నీళ్ళను దారిలో వదలకూడదు. దానికని కట్టిన చోటికి పోయి, గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. మన రైలు పెట్టెల నుంచి అంతా పట్టాల మీదనే పడిన కాలంలో ఉద్యోగం చేసినవాళ్ళం మేము. బయో టాయిలెట్లు వచ్చాక స్టేషన్లు ఎంత మారాయో కళ్ళారా చూశాము. కాబట్టి ఈ ఏర్పాటు విలువ మాకు వెంటనే తెలిసింది.

మంచో సరస్సు ఒడ్డున ఒక రాత్రి, టెస్లిన్ సరస్సు ఒడ్డున రెండు రాత్రులు ఉన్నాము. మంచో నీళ్ళు పచ్చరాయి రంగు. రాత్రి పది దాటినా వెలుగు పోలేదు. కానీ మాకు ఎక్కువ నచ్చింది టెస్లిన్ దగ్గర చూసిన పద్ధతి. మనం కవరు తీసుకుని, పేరూ బండి నంబరూ రాసి, రుసుము అందులో పెట్టి ఇనుప పెట్టెలో వేయాలి. రసీదు ముక్క మన జాగా గుంజకు తగిలించాలి. నెగడుకు కట్టెలు ఆ రుసుములోనే. గట్టు మీద ఒక్క కాగితం ముక్క కనబడలేదు.

అక్కడ చెత్త డబ్బాకు బరువైన మూత, గొళ్ళెం ఉంటాయి. ఎలుగుబంటి తెరవలేదు. మిగిలిన అన్నం రాత్రి బయట పెట్టరాదు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరకు దాన్ని కాల్చి చంపవలసి వస్తుంది. అంటే మనం వదిలిన ఎంగిలి ఒక ప్రాణం తీస్తుంది. మన గట్టు మీద ఎలుగు లేదు, ఆవు ఉంది. సాంబారు అంటిన ప్లాస్టిక్ కవరును అది అలాగే మింగుతుంది.

"యుకాన్ అంతా కలిపినా 50 వేల లోపు జనం, మన దేశంతో పోలికా?" అని అడుగుతారు. జనం తక్కువన్నది నిజమే. అయితే జనం తక్కువైతే కాపలా కూడా తక్కువే. ఎవరూ చూడని చోటనే వాళ్ళు శుభ్రంగా ఉంచుతున్నారు. పైగా ఇది మనకు కొత్తా? ఈ తమిళ నేల మీద కుడిమరామత్తు అని ఉండేది. ఊరి చెరువును ఊరివాళ్ళే పూడిక తీసి, గట్టు వేసి కాపాడుకున్నారు. తరతరాలుగా ఇక్కడ ఉన్న మన పెద్దలూ ఆ చెరువుల నీళ్ళతోనే బతికారు.

మంటపంలో తింటే అది వనభోజనం కాదు, పెళ్ళి భోజనం. ఉసిరి చెట్టు నీడన పిల్లలు తెలుగులో ఆడుకునే రోజు ఏడాదికి అది ఒక్కటే. బడిలో మాలాగే తమిళమే చదివే పిల్లలు వాళ్ళు. ఆ రోజును పోగొట్టుకోకూడదు.

అందుకని మా మాట ఇది. అరిటాకులో తిందాం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను తమిళనాడులో 2019 జనవరి 1 నుంచే నిషేధించారు, దాన్ని మనం పాటిద్దాం. గిన్నెలు చెరువులో తోమవద్దు, ఇంటికి తెచ్చి తోముకుందాం. ప్రతి కుటుంబమూ ఒక గోనె సంచి తెచ్చి తన చెత్త తానే తీసుకుపోవాలి. చందాకు బల్ల వేసి మనిషిని కూర్చోబెట్టవద్దు, కవర్లూ పెట్టే చాలు. ముందుగా మనలో నలుగురు పోయి, ఈ సంగతి ఆ ఊరి పెద్దలకు చెప్పి రావాలి.

ఆదివారం కమిటీలో ఈ మాట పెడతాము. ఒప్పుకోనివారు తప్పక వచ్చి, ఎందుకో చెప్పండి.