అర్థం కాని పాట

పిల్లలూ! మీకు ఇష్టమైన పాటల్లో మీకు రాని భాషవి ఎన్ని ఉన్నాయి? చాలామందికి ఒకటో రెండో ఉంటాయి, అంతే. ఎందుచేత?

పాట వరస చెవికి సులువుగా ఎక్కుతుంది. కాని మాటలు తెలియకపోతే నోటికి రాదు. పాడుకోలేని పాట త్వరగా మరపుకు వస్తుంది. అదీగాక, పరభాష పాట మన చెవిన పడటమే అరుదు. పదిసార్లు వింటేగాని ఏ పాటా మనకు చుట్టం కాదు.

అయితే ఒక జపాను పాట సంగతి వినండి. 1961లో క్యూ సకామోటో అనే యువకుడు దాన్ని పాడాడు. 1963లో అమెరికాలో జనాదరణ పొందిన పాటల పట్టికలో అది మూడు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. మాటలన్నీ జపాను భాషే!

ఆ పాట పేరుకు ‘తల పైకెత్తి నడుస్తాను’ అని అర్థం. అసలు పేరు పలకడం కష్టమని ఇంగ్లండులో దానికి ‘సుకియాకి’ అని పేరు పెట్టారు. అది మాంసంతో చేసే ఒక వంటకం! పాటలో వంట ఊసే లేదు. కన్నీళ్లు కింద పడకుండా ఒంటరివాడొకడు తల పైకెత్తి నడుస్తున్నాడు.

మధ్యలో వచ్చే ఈల మాత్రమే వింటే ఈ దుఃఖం తెలుస్తుందా? అందుకే, పరభాష పాట నచ్చితే దాని అర్థం తెలిసినవారిని అడగండి. తరువాత మళ్లీ వినండి.