చిన్న రైలంతా నేరోగేజి కాదు

సైన్సు ఎగ్జిబిషన్ వస్తే చాలు, అట్టతో చేసిన ప్రతి చిన్న రైలుకూ "నేరోగేజి" అని చీటీ అంటిస్తారు. ఇది సరికాదని మా అభిప్రాయం.

గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. స్కేలు అంటే అసలు రైలును ఎన్నో వంతుకు తగ్గించామన్నది. మన పిఠాపురం స్టేషనులోది బ్రాడ్‌గేజి, 1676 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రైలుది 762 మాత్రమే. అది 2004లో ఆగిపోయింది, తర్వాత ఆ దారీ బ్రాడ్‌గేజి అయింది. రెండింటినీ 50వ వంతుకు తగ్గిస్తే మన పట్టాల మధ్య 33.5, నౌపడ పట్టాల మధ్య 15.2 మి.మీ. వస్తాయి. పక్కన నిలబెట్టే అట్టమనిషి ఎత్తు మాత్రం రెండుచోట్లా ఒకటే. గేజి తగ్గిందని ప్రయాణికుడు పొట్టివాడు కాడు గదా!

విదేశీ బొమ్మరైళ్ళలో 9 మి.మీ. పట్టా ఉంది. 160వ వంతు రైలును నడిపితే అది 1435 మి.మీ. స్టాండర్డు గేజికి నమూనా. దానిమీదే 87వ వంతు రైలును నడిపితే నేరోగేజి. పట్టా మారలేదు, స్కేలు మారింది.

కొన్న రైలు మెరుస్తుంది, బహుమతీ దానికే పోతుంది. అగ్గిపుల్లలు, గమ్ము, స్కేలుబద్దతో కూర్చున్న మా తమ్ముళ్ళకు మిగిలేది చప్పట్లే. న్యాయనిర్ణేతలు ముందు "ఎన్నో వంతు?" అని అడగాలి. వచ్చే ఏడాది నుంచి ప్రతి నమూనా కింద స్కేలు, గేజి రాయించాలని వార్డెన్ గారిని కోరుతున్నాం.