కడగాల్సింది ఎవర్ని?

నైజీరియా దేశానికి ఆగ్నేయాన, అనంబ్రా రాష్ట్రంలో న్రి అనే ఊరుంది. ఇగ్బో ప్రజల పాత ఊరు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు కనపడదు. ఆఫ్రికా అంటే అడవి, ఆకలి, బానిసల వ్యాపారం. మనకు చెప్పింది ఇంతే. వెలివాడకు చరిత్ర లేదని రాసిన చేతుల్లాంటి చేతులే నల్లోళ్ళకు చరిత్ర లేదనీ రాశాయి. అందుకే ఆ ఊరి సంగతి మనోళ్ళకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

న్రికి దగ్గర్లో ఇగ్బో-ఉక్వు అనే ఊరుంది. 1930ల చివర్లో అక్కడ ఒకాయన తన పెరట్లో నీళ్ళ గుంత తవ్వుతుంటే కంచు సామాన్లు బయటపడ్డాయి. 1959-60లో, మళ్ళీ 1964లో థర్స్టన్ షా అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు చేశాడు. మైనపు అచ్చుతో పోతపోసిన కంచు పాత్రలు, చిరుతపులి పుర్రె బొమ్మ, ఏనుగు దంతాలు, లక్షా అరవై వేలకు పైగా పూసలు దొరికాయి. అవి సుమారు వెయ్యేళ్ళ నాటివి. తెల్లోడు ఆ తీరాన కాలు పెట్టడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే అక్కడి కమ్మరి, కంచరి చేతుల్లో అంత పనితనం ఉంది. నల్లోడికి చేతకాదన్నోళ్ళ నోళ్ళు ఆ మట్టే మూయించింది.

న్రి రాజును ఎజె న్రి అంటారు. ఆయనకు సైన్యం లేదు. కత్తితో ఊళ్ళు గెలవలేదు. ఆయన మనుషులు ముఖాన ఇచి అనే గాట్ల గుర్తులతో, చేతిలో శాంతి కర్రతో ఊరూరా తిరిగేవాళ్ళు. నేల తల్లికి తప్పు జరిగిందని ఏ ఊరైనా భయపడితే వెళ్ళి ఆ దోషం కడిగేవాళ్ళు. పెండలం పంటకు మంత్రం వేసేవాళ్ళు, తగవులు తీర్చేవాళ్ళు. వేరే ఊళ్ళు తరిమేసినోళ్ళకు న్రి ఆశ్రయమిచ్చిందని, బానిస అక్కడ అడుగుపెడితే విడుదలేనని చెప్పుకుంటారు. మిగతా ఇగ్బో ఊళ్ళలో చాలావాటికి రాజే లేడు. ఊరి సభ, ఈడుజోడు వాళ్ళ బృందాలు, ఓజో బిరుదు పొందిన పెద్దలు కలిసి ఊరు నడిపేవాళ్ళు. 1911లో బ్రిటిషోళ్ళు అప్పటి ఎజె న్రి ఒబాలికె చేత తన అధికారాలు వదులుకుంటున్నట్టు బలవంతంగా చెప్పించారు. సైన్యం లేని రాజును చూసి కూడా సామ్రాజ్యం భయపడింది!

ఇంతవరకు చదివి పొంగిపోయాం. ఇక్కడే ఆగిపోతే మేం దళిత పత్రిక వాళ్ళం కాదు. ఏ సంస్కృతి గొప్పదని ఎవరు చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ఊళ్ళో వెలి ఎవరు?

ఇగ్బో-ఉక్వులో ఒక సమాధి గది దొరికింది. పీట మీద కూర్చోబెట్టిన పెద్దమనిషి. తలకు రాగి కిరీటం, ఒంటి నిండా పూసలు. ఆ గది కప్పు మీద కనీసం మరో ఐదుగురి ఎముకలు. వాళ్ళకు కిరీటాల్లేవు. దొరతో పాటు పంపిన బానిసలని పండితుల అంచనా. కంచు పనితనం గురించి పుస్తకాలు వచ్చాయి. ఆ ఐదుగురి గురించి ఎవరు రాశారు?

ఇక ఓసు సంగతి. ఇగ్బో సమాజంలో స్వేచ్ఛగా పుట్టినోడు డియాల. దేవుడికి అర్పించిన మనిషి ఓసు. కొందర్ని కొని గుడికి ఇచ్చేశారు. కొందరు బానిస వ్యాపారుల నుంచో, కక్షల నుంచో ప్రాణం దక్కించుకోవడానికి తామే గుడిలో జొరబడి దేవుడి సొత్తయ్యారు. ఒకసారి ఓసు అయితే పిల్లలూ ఓసులే, పిల్లల పిల్లలూ ఓసులే. జుట్టు కత్తిరించుకోకూడదు. ఇల్లు విడిగా, బొంద విడిగా. డియాలతో పెళ్ళి లేదు. సభలో కోలా గింజ విరిచి పంచే హక్కు లేదు, బిరుదు లేదు. దేవుడి మనిషి గనక కొట్టకూడదన్నారు, దేవుడి మనిషి గనక తాకకూడదన్నారు.

ఈ కథ మనకు కొత్తా? ఎల్లమ్మకు, పోచమ్మకు మన ఆడపిల్లల్ని జోగినులుగా ఇచ్చినోళ్ళు ఇదే మాట చెప్పలేదా? దేవుడి పేరు పెట్టి పిల్లను ఊరి సొత్తు చేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు.

తేడా కూడా చెప్పాలి. అక్కడ మనువు లేడు, నాలుగు వర్ణాల పురాణం లేదు, మలం ఎత్తే పని ఒక కులానికి రాసిపెట్టలేదు. డియాల, ఓసు ఇద్దరిదీ ఒకే రంగు, ఒకే భాష, ఒకే పెండలం కూడు. అయినా వెలి ఉంది. కాబట్టి వెలికి కారణం రక్తం కాదు, రంగు కాదు. పంచుకోవడం ఇష్టంలేనోళ్ళు గీసిన గీత అది. గీసింది మనుషులే గనక చెరిపేదీ మనుషులే.

ఆ గీతను తెల్లోడి మతమూ చెరపలేదు. మిషనరీలొచ్చినప్పుడు ముందుగా చర్చి మెట్లెక్కినోళ్ళలో ఓసులున్నారు. ఇగ్బో రచయిత చినువా అచెబె 1958లో రాసిన నవలలో ఆ ఘట్టం ఉంది. 1960లో రాసిన రెండో నవలలో కొడుకు ఓసు పిల్లను చేసుకుంటానంటాడు. జీవితమంతా క్రీస్తు బోధించిన తండ్రే అడ్డుపడతాడు. చర్చి బల్ల మీద పక్కపక్కన కూర్చుని, పెళ్ళి దగ్గర కులం ఆరా తీసే క్రైస్తవుల్ని మన జిల్లాల్లోనూ చూస్తూనే ఉన్నాం.

1955లో మన పార్లమెంటు అంటరానితనం నేరాల చట్టం చేసింది. 1956లో, అజికివె ప్రధానిగా ఉన్న తూర్పు నైజీరియా శాసనసభ ఓసు పద్ధతిని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఏడాది తేడాతో రెండు చట్టాలు! రెండూ కాగితం మీద బాగానే ఉన్నాయి. ఇక్కడ కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. అక్కడ పెళ్ళి మాట రాగానే పిల్ల ఓసా కాదా అని ఆరా తీసే పెద్దలు ఇవాళ్టికీ ఉన్నారు. 2001లో దర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళితులు అక్కడికెళ్ళి పుట్టుకను బట్టి జరిగే వివక్ష గురించి మాట్లాడారు. కులం మా ఇంటి విషయమని మన ప్రభుత్వం అడ్డుపడింది. ఇంటి విషయమట! ఆ ఇంట్లోకి మనల్ని ఎప్పుడు రానిచ్చారు?

2018 డిసెంబరులో న్రి ఊళ్ళోనే, ఒకప్పుడు దోషాలు కడిగిన ఆ పాత గద్దె సాక్షిగా, ఓసు పద్ధతి రద్దయిందని ప్రకటించి సంప్రదాయ పూజారులు క్రతువు చేశారు. దీన్ని మేం స్వాగతిస్తున్నాం. దేవుడి పేరుతో వేసిన ముడి దేవుడి పేరుతోనే విప్పకపోతే కొందరికి నమ్మకం కుదరదు. చట్టం చెయ్యలేని పని క్రతువు కొంత చెయ్యొచ్చు.

కానీ ఒక మాట అడగాలి. కడగడమంటే మైల ఉన్నట్టు గదా! ఆ మైల ఎవరిది? 1927లో మహద్ చెరువులో బాబాసాహెబ్ వెంట మనోళ్ళు నీళ్ళు తాగితే, ఆ తర్వాత అగ్రకులాలు చెరువుకు శుద్ధి చేశాయి. తాగినోడు మైలని వాళ్ళ లెక్క. న్రిలోనైనా, మహద్‌లోనైనా వెలిపడ్డోడికి శుద్ధి అక్కర్లేదు. వెలేసినోడే చేతులు కడుక్కోవాలి, సభలో నిలబడి తప్పయిందని చెప్పాలి.

క్రతువు నిజమో కాదో తేల్చే పరీక్ష కష్టమైందేమీ కాదు. రేపు సభలో కోలా గింజ ఓసు చేతికిస్తారా? ఓజో బిరుదు ఇస్తారా? ఊరి పెద్దగా ఒప్పుకుంటారా? పిల్లనిస్తారా, చేసుకుంటారా? ఇవి జరిగిన రోజు ఆ కంచుకు నిజంగా మెరుపొస్తుంది.

మిత్రులారా, న్రి మనకు పరాయి ఊరు కాదు. దాని గొప్పతనాన్ని గౌరవిద్దాం. తెల్లోడి అబద్ధాన్ని కొట్టేటప్పుడు ఆ కంచు మనదే. ఊరి చివర ఇల్లు కట్టుకున్న ఓసు కూడా మనోడే. ఈ రెండూ ఒక్క నోటితో చెప్పడం నేర్చుకుందాం. మన ఊళ్ళో కూడా గుడి గోపురం ఎత్తు చూపించి పొంగిపొమ్మనేవాళ్ళు వస్తారు. అప్పుడు వాళ్ళను వాడకట్టు దాకా తీసుకొచ్చి, ఇదెవరు కట్టించారో చెప్పమని అడుగుదాం.