కందెన అంటని చేతులు

కారు స్టీరింగులో అరిగిపోయిన టై రాడ్ ఎండును యజమాని తన ఇంటి ముందు, వేపచెట్టు నీడన, తన చేతులతో తానే మార్చుకోవచ్చునా, కూడదా అన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. నన్నడిగితే మార్చుకోవచ్చును, మార్చుకోవాలి కూడా. ఈ మాట నలుగురిలో అన్నప్పుడల్లా ఎదురయ్యే ముఖకవళికలను చూసి చూసి విసిగి ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను. చదువుకొన్నవాడు కారు క్రింద పడుకోవడమేమిటని ఒకరు. ప్రాణాలతో చెలగాటమని ఇంకొకరు. మెకానిక్కు నోటి దగ్గరి కూడు లాగేస్తావా అని మూడవ వారు. ముగ్గురికీ జవాబు చెప్పవలసి ఉంది. మొదటి వారికి కాస్త కటువుగానే.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. స్టీరింగు త్రిప్పితే దాని కడ్డీ కొసనున్న చిన్న పళ్ళచక్రం, రాక్ అనే పళ్ళపట్టీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ పట్టీ రెండు కొసల నుంచీ రెండు కడ్డీలు ముందు చక్రాల దాకా పోతాయి. కడ్డీ చక్రాన్ని పట్టుకొనే చోట ఒక ఇనుప గుండు, దాన్ని ఇముడ్చుకొన్న గిన్నె, గిన్నెలో గ్రీజు, పైన రబ్బరు తొడుగు. మన భుజం కీలు ఎలా ఉంటుందో అదీ అంతే. తొడుగు చినగనంత కాలం ఏళ్ళ తరబడి మాట్లాడకుండా పనిచేస్తుంది. చినిగిందా, మా ఎర్రదుమ్ము లోపలికి చేరి గ్రీజుతో కలిసి సానరాతి పొడిలా గుండును అరగదీస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో, అదీ అదనుకు పడని వానతో బ్రతికే పీఠభూమి మాది. దుమ్ముకు మాత్రం ఏనాడూ కరువు లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెదారుల గరుసు మీద నాలుగేళ్ళు తిరిగిన బండికి స్టీరింగులో లొడలొడ రాకపోతే ఆశ్చర్యపడాలి గాని వస్తే కాదు.

ఆ బండ్లెవరివి? 2014లో తయారీ ఆగిపోయినా ఇంకా ఊళ్ళలో తిరుగుతున్న మారుతి 800లు, టమోటాలూ దానిమ్మలూ మోసే చిన్న ట్రాలీలు, ఆసుపత్రికీ పెళ్ళికీ బాడుగకు పోయే పాత జీపులు. ఆ బండి ఒకరోజు నిలిస్తే ఆ రోజు ఆ ఇంట్లో రాబడి లేదు. అటువంటి వాడికి కొందరిచ్చే సలహా ఏమిటంటే, మొత్తం స్టీరింగు అసెంబ్లీ మార్చుకొమ్మని! నా పాత కారుకు ఒక సర్వీసు సెంటరులో (పేరెందుకు లెండి) సరిగ్గా ఇదే చెప్పారు. అరిగింది వందల రూపాయల గుండు. వేయమన్నది వేల రూపాయల అసెంబ్లీ. విడిభాగం విడిగా రాదా అని అడిగితే "మా సిస్టంలో చూపించడం లేదు సార్" అన్నాడా కుర్రవాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అతడికి చేతిలో పానా కన్నా ముందు తెర ఇచ్చారు. అదే భాగం బజారులో, స్టీరింగు లింకేజీలు తయారుచేసే కంపెనీల పెట్టెల్లోనే విడిగా దొరికింది.

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. విడిభాగాలనూ, లోపాలను కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఏకంగా 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ తరువాత కంపెనీలు అప్పీళ్ళకూ కోర్టులకూ ఎక్కాయనుకోండి, అది వేరే పురాణం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఇదే విషయం మీద ప్రజలే వోటు వేసి చట్టం తెచ్చుకొన్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మత్తు హక్కు కోసం ఒక కమిటీని వేసి, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలనూ ఆ జాబితాలో చేర్చింది. చట్టం రాక ముందే హక్కును వాడుకోవడం మొదలుపెడితే తప్పేముంది?

ఇక రెండవ వారి మాట: స్టీరింగు ప్రాణాలకు సంబంధించినది. నిజమే! గుండు గిన్నెలోంచి ఊడితే ఆ చక్రం మన మాట వినదు. కాని అందుకే కదా చూడటం నేర్చుకోమంటున్నది. చక్రాల వెనుక ఇటుకలో రాళ్ళో అడ్డుపెట్టి, ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపి, గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకొని ఊపండి. టక్కుమంటే, ఇంకొకరిని స్టీరింగు కొద్దికొద్దిగా కదపమని ఆ కీలు మీద వేలుంచండి; ఆట ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. పన్నెండూ ఆరూ ఉండే చోట్ల పట్టి ఊపినప్పుడు ఆడితే అది బేరింగో, క్రింది బాల్ జాయింటో. ఆ కథ వేరు. ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు. ప్రాణాల మీద ఇంత ప్రీతి ఉన్నవారిలో ఎందరు ఈ పది నిమిషాలు వెచ్చించారు?

మార్చే పని కూడా బ్రహ్మవిద్య కాదు, అలాగని గుడ్డిగా చేసేదీ కాదు. జాకీ ఉన్నది బండిని లేపడానికే, నిలబెట్టడానికి కాదు. క్రింద గట్టి స్టాండు పెట్టకుండా తల దూర్చిన వాడిని నేనేమీ సమర్థించను. లాక్ నట్టు వదులు చేసి, కిరీటం వంటి నట్టులోంచి స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పాలి. గుండు కాడ సూదిగా, బిగిసి కూర్చొని ఉంటుంది. కాడను సుత్తితో మోది మర చెడగొట్టడం తెలియనివాళ్ళు చేసే పని. కాడ దిగిన కన్నం ప్రక్కన, ఆ ఇనుము మీద, రెండు దెబ్బలు వేస్తే అదే వదిలేస్తుంది. పాతదాన్ని విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెట్టి, క్రొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాలి. నట్టు బిగించాక పిన్ను కన్నం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి గాని వెనక్కి వదలకూడదు. పాత స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడరాదు. దాని వెల ఎంతని పిసినారితనం! ఆ పైన నెమ్మదిగా నడుపుకొంటూ అలైన్‌మెంటు అంగడికి పోయి టో సరిచేయించాలి, లేకపోతే క్రొత్త టైర్లు ఒక ప్రక్కనే అరిగిపోతాయి. పవర్ స్టీరింగు రాక్ లోపలి సీళ్ళూ, కరెంటు మోటారూ, ఎయిర్ బ్యాగు ఉన్న కాలమూ ఇంటి దగ్గర ముట్టుకోవద్దు. హద్దు తెలియడం కూడా పని తెలియడంలో భాగమే.

మెకానిక్కు కూడు సంగతి. చెట్టు క్రింది మెకానిక్కు పొట్ట కొడుతున్నది రెండేళ్ళకొకసారి టై రాడ్ మార్చుకొనే నా వంటివాడు కాదు, మీటనూ పాస్‌వర్డునూ తన దగ్గరే దాచుకొన్న కంపెనీ. పని తెలిసిన గిరాకీ ఉన్న చోట మంచి మెకానిక్కుకు విలువ పెరుగుతుంది. వాడు చేసిన పని ఏమిటో చూసి గుర్తించేవాడు కావాలి కదా. నాకు ఆ నాలుగు చుట్ల లెక్క నేర్పింది అటువంటి మనిషే.

ఇక మొదటి వారు. చదువుకొన్నవాడు కారు క్రింద పడుకోరాదన్న వారు. అయ్యా, ఇందులో దాగి ఉన్న మాట ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నూనె అంటే పని కొన్ని కులాలదనీ, కాగితం పని కొన్ని కులాలదనీ మనం గీసుకొన్న గీత అది. కమ్మరీ వడ్రంగీ లేకుండా ఏ ఊళ్ళోనైనా మడక కదిలిందా? మన సాహిత్యం వారిని ఎంత తలచుకొంది? సుమతీ శతకంలో ఇరుసూ కందెనా రెండూ వస్తాయి; కాని అక్కడవి కరణాన్ని మంచి చేసుకోవలసిన అవసరాన్ని చెప్పడానికి పనికివచ్చిన పోలికలు! కందెన పూసిన చేయి మాత్రం పద్యంలోకి రాలేదు.

మనమైనా తక్కువ తినలేదు. ఎద్దులబండి పోయిందని కన్నీళ్ళు పెట్టుకొంటూ ఎన్ని టపాలు వ్రాసుకొన్నాం! ఆ బండి ఇరుసుకు కందెన ఎవరు వేశారో ఒక్కరమూ వ్రాయలేదు. అంతర్జాలం, వ్యాఖ్య, మీట, జాలగూడు అంటూ తెరమీది ప్రతి వస్తువుకూ పేరు పెట్టుకొన్నాం, సంతోషమే. బండి క్రింది వస్తువుకు పేరు పెట్టవలసి వస్తే "చక్రదిశానియామక దండాగ్రం" అని ఎవరైనా తయారుచేస్తారేమోనని నా భయం. ఎరమంచి దగ్గర, ఒకప్పటి మా జిల్లాలోనే, ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కియా కర్మాగారం 2019లో తెరుచుకొంది (2022 ఏప్రిల్ నుంచి ఆ పెనుకొండ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లా). గుత్తిలో డీజిల్ ఇంజన్ల షెడ్డు ఎన్నో ఏళ్ళ నుంచీ ఉంది. ఇంత ఇనుము చుట్టూ బ్రతుకుతూ, ఒక కీలు ఎలా విప్పాలో, ఎలా బిగించాలో చెప్పే పది పుటల తెలుగు పుస్తకం కోసం బజారంతా వెదికితే నాకు దొరకలేదు.

కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. టై రాడ్ గురించి పైన చెప్పింది మొదటి భాగమనుకోండి. బ్రేకు షూల గురించి వచ్చే నెల. గుండునూ, గిన్నెనూ, రబ్బరు తొడుగునూ మీ ఊరి మెకానిక్కులు ఏ పేర్లతో పిలుస్తారో కనుక్కొని వ్రాసి పంపండి. కర్నూలు వారివీ, ఆటోనగర్ వారివీ, బళ్ళారి తెలుగువారివీ వేరువేరుగా పెడతాను.