ప్రాణం నిలిస్తే చాలదు, మనిషి నిలబడాలి

పక్షవాతం మీద ఎక్కడ సదస్సు జరిగినా చర్చంతా గోల్డెన్ అవర్ చుట్టూనే తిరుగుతుంది. అందులో తప్పు లేదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరితే, నాలుగున్నర గంటల్లోగా మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. పెద్ద నాళం పూడుకుపోయినవారిలో కొందరికి 24 గంటల వరకూ తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే వీలుంది. కానీ మన జిల్లా ఆసుపత్రులకు వచ్చే పక్షవాత రోగుల్లో ఎక్కువమంది ఆ గడువు దాటాకే వస్తున్నారు. తెల్లారితే సర్దుకుంటుందని ఆగినవారు కొందరు, ముందు పసరు మందుకు వెళ్లినవారు ఇంకొందరు. మెదడులో రక్తస్రావమైనవారికైతే ఆ ఇంజెక్షన్ ఇవ్వనే కూడదు. ఇంతమందికీ సెలైన్ పెట్టి, ‘సమయం దాటిపోయింది’ అని చేతులు దులుపుకోవడం అన్యాయం. వారు మళ్లీ తమ కాళ్ల మీద నిలబడతారా లేదా అన్నది వార్డులో మొదటి మూడు రోజులు, ఇంటికెళ్లాక మొదటి మూడు నెలలు జరిగే సేవ మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

దీనికి గట్టి రుజువే ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో 19 ఆసుపత్రులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టులోని నర్సులకు మూడు పనులు పద్ధతిగా చేయడం నేర్పారు. మొదటి మూడు రోజులు జ్వరం చూసి వెంటనే తగ్గించడం, చక్కెరను అదుపులో పెట్టడం, రోగి మింగగలడో లేదో పరీక్షించడం. 2011లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడు నెలలు తిరిగేసరికి మరణించినవారు, ఇతరులపై ఆధారపడ్డవారు కలిపి మామూలు ఆసుపత్రుల్లో 58 శాతం కాగా, ఈ పద్ధతి పాటించినచోట 42 శాతమే. ఇందులో కొత్త మందు ఏదీ లేదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, పారాసిటమాల్, ఇన్సులిన్ మన ఏరియా ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి.

మింగే పరీక్షనే తీసుకుందాం. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, స్పూనుతో కొద్దిగా నీళ్లు పోసి, గొంతు గుటక వేస్తోందా, దగ్గు వస్తోందా, ఆ తర్వాత మాట నీళ్లు నిండినట్టు గరగరమంటోందా అని చూడటమే. శిక్షణ ఉన్న నర్సుకు ఇది కొద్ది నిమిషాల పని. ఇది జరగనిచోట ఏమవుతోంది? పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న ఆరాటంతో ఇంటివాళ్లు పడుకున్న మనిషి నోట్లోనే ఇడ్లీ పాలల్లో నలిపి పెడతారు, టీ పోస్తారు. పొలమారితే మాడు మీద తడతారు. కొందరికి పొలమారను కూడా పొలమారదు, దగ్గు రాకుండానే ఆ టీ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. రెండు రోజుల్లో జ్వరం, ఆయాసం, న్యుమోనియా. మెదడు దెబ్బను తట్టుకున్న మనిషి ఊపిరితిత్తుల వల్ల పోతాడు. ఆ కుటుంబానికి ఒక్క మాట చెప్పేవారుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

రక్తస్రావ కేసుల్లోనూ ఇదే రుజువైంది. మన దేశం సహా 10 దేశాల్లో ఏడు వేల మందికి పైగా రోగులపై జరిపిన ఇంటరాక్ట్-3 అధ్యయనం 2023లో వెలువడింది. పై బీపీని గంటలోగా 140 కిందికి తేవడం, చక్కెర, జ్వరం అదుపు చేయడం, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారికి విరుగుడు ఇవ్వడం, వీటన్నిటినీ కలిపి చేస్తే ఆరు నెలల తర్వాత రోగుల స్థితి మెరుగ్గా ఉందని తేలింది.

ఇక డిశ్చార్జి తర్వాతి కథ. మందుల చీటీ చేతికిచ్చి ‘ఫిజియోథెరపీ చేయించండి’ అని పంపిస్తారు. ఎక్కడ, ఎవరితో అన్నది ఎవరూ చెప్పరు. పడిపోయిన చెయ్యి పట్టుకు లేపితే భుజం కీలు జారుతుందని తెలియక ఇంటివాళ్లు రోజూ అలాగే లేపుతారు. పక్కకు తిప్పి పడుకోబెట్టక పడకపుండ్లు వస్తాయి. బీపీ మాత్రలు నెల తిరక్కుండానే ఆపేస్తారు, రెండోసారి స్ట్రోక్ వస్తుంది. కుటుంబానికి నేర్పితే చాలదా అని అడగవచ్చు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ఆ ప్రయత్నం జరిగింది. బంధువులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో వారితోనే వ్యాయామాలు చేయిస్తే, మామూలు సేవ కన్నా అదనపు మేలు కనిపించలేదని 2017లో ఆ అటెండ్ అధ్యయనం తేల్చింది. కుటుంబానికి జాగ్రత్తలు నేర్పాల్సిందే. కానీ రోగిని తిరిగి నడిపించే భారమంతా భార్య మీదో కోడలి మీదో మోపి ప్రభుత్వం తప్పుకోవడానికి వీల్లేదు. అది శిక్షణ పొందిన మనుషులు చేయాల్సిన పని.

డబ్బెక్కడిది అనేవారు ఒక లెక్క చూడాలి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు రూ.15,000 పింఛను ఇస్తోంది. అంటే ఒక్కొక్కరికి ఏడాదికి రూ.1,80,000. అది ఇచ్చి తీరాల్సిన ఆసరా, అందులో రూపాయి తగ్గించకూడదు. అయితే మనిషి మంచాన పడ్డాక ఇంత ఖర్చుకు సిద్ధపడే ప్రభుత్వం, మంచాన పడకుండా చూసే ఫిజియోథెరపిస్టు జీతానికి వెనకాడటం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

దారి కూడా కొత్తగా వేయనక్కర్లేదు. గుండెపోటు రోగి ఈసీజీని పెద్దాసుపత్రి కార్డియాలజిస్టు దూరం నుంచే చూసి చెబితే, ఏరియా ఆసుపత్రిలోనే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మోతాదు మార్చి అదే మందును పక్షవాతానికీ వాడతారు. న్యూరాలజిస్టులు లేని ఆసుపత్రుల్లో ఫోన్ సలహాతో ఈ వైద్యం చేయవచ్చని హిమాచల్ ప్రదేశ్ ఏనాడో చేసి చూపింది.

రెండు తెలుగు రాష్ట్రాలూ తక్షణం చేయాల్సినవి నాలుగు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పక్షవాత రోగులకు కొన్ని పడకలు ఒకేచోట కేటాయించి, అక్కడి నర్సులకు శిక్షణ ఇవ్వాలి. జ్వరం, చక్కెర, మింగే పరీక్ష కేసు షీటులో నమోదు కాకుండా తొలి రోజు గడవకూడదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును నియమించి, డిశ్చార్జి కాగితం మీదే తర్వాత రావాల్సిన తేదీ, ఆ ఊరి ఏఎన్ఎం పేరు రాసివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోగి మూడో నెలలో ఎలా ఉన్నాడో లెక్క తీయాలి. ఎందరు బతికారన్న అంకెతో పాటు ఎందరు తమంతట తాము నడిచి బాత్రూముకు వెళ్లగలుగుతున్నారో జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. ఆ అంకె బయటపెట్టడం మొదలైతే వార్డులో నర్సుల కొరతైనా, ఫిజియోథెరపిస్టుల ఖాళీలైనా దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు.