కాషాను బంగరుపూత

పారసీకమున, అనగా నేటి ఇరానున, ఇస్ఫహానునకు ఉత్తరముగా కాషాను అను పట్టణము కలదు. ఎనిమిదివందల యేండ్లక్రిందట అచ్చటి కుమ్మరులు చేసిన గిన్నెలను నేడు ప్రదర్శనశాలలలో చూచువారు, వానికి బంగారుపూత పూసిరని భ్రమపడుదురు. పెక్కింట బంగారము రవ్వంతయు లేదు.

చీనానుండి వచ్చు తెల్లని పింగాణి యన్న పారసీకులకు మిక్కిలి మక్కువ. ఆ మన్ను తమ దేశమున దొరకదు. అందుచే వారు ఐగుప్తున ముందే పుట్టిన ఉపాయమును చేకొని, పదిపాళ్లు పలుగురాతిపొడికి ఒకపాలు గాజుపొడియు ఒకపాలు తెల్లమన్నును కలిపి ముద్దచేసిరి. అది మన కుమ్మరిమన్నువలె సాగదు. చక్రముపై దానిని లొంగదీయుట కష్టమే.

ఇక బంగరుకాంతి. ఈ విద్య తొమ్మిదవ శతాబ్దిలో ఇరాకున పుట్టినది. గాజుపూత వేసి కాల్చిన పాత్రపై వెండి, రాగి కలిసిన రంగుతో బొమ్మలు వ్రాసి, వేఱొక ఆవమున 72 గంటలు పలుచని పొగ పట్టింతురు. గాలి యాడని ఆ పొగలో వెండిరాగులు లోహపుపొరయై గాజునంటుకొనును. చల్లారినపిదప తడిమట్టితో రుద్దినగాని ఆ కాంతి బయటపడదు. మనము గిన్నెలు తోమునట్లే కాదా! పొగ మితిమీరినను, చాలకున్నను శ్రమయంతయు బూడిదపాలు.

మీనాయి యను మఱియొక తీరున గాజుపూతమీద పలురంగులతో చిత్రములు వ్రాసి తిరిగి కాల్చుదురు. ఇందు మాత్రము అక్కడక్కడ నిజమైన బంగారురేకు నంటింతురు. గుఱ్ఱములపై రాకుమారులు, తోటలలో ప్రేయసీప్రియులు, అందఱివియు పూర్ణచంద్రునివంటి మోములే; స్త్రీ యెవరో పురుషుడెవరో పోల్చుట కష్టము! ఈ రెండు పనులయందును నేర్పరి యైన అబూ జైదు తన పాత్రలపై పేరు వ్రాసికొనెను. 1186 మొదలు 1219 వఱకు తేదీలు గల అతని పనులు దొరకినవి. మాకు మాత్రము మీనాయి హంగుకంటె పొగలో పుట్టిన మెఱుపే ఇంపు.

ఈ మర్మములన్నియు మనకెట్లు తెలిసినవి? కాషానున అబూ తాహిరు ఇంట నాలుగుతరములవారు ఇదే వృత్తి చేసిరి. ఆ యింటి బిడ్డయగు అబుల్ కాసిము చక్రమును విడిచి మంగోలు ప్రభువుల ఆస్థానమున చరిత్రకారుడయ్యెను. అతడు 1301లో రత్నములనుగూర్చియు సుగంధద్రవ్యములనుగూర్చియు గ్రంథము వ్రాసి, చివర తన యింటివారి పింగాణిపాకమును చేర్చెను. పైన చెప్పిన పాళ్లును, 72 గంటల లెక్కయు అతనివే. ఊరగాయ కొలత అమ్మమ్మ చేతితోడనే పోయిన యిండ్లు మనలో నెన్ని లేవు! సోదరుడు యూసుఫు ఇంటిపని సాగించెను. 1340 ప్రాంతమున కాషానున బంగరుపలకల పని అడుగంటెను. తాహిరు వంశమున యూసుఫు తరువాత మఱొక కుమ్మరి పేరు కానరాదు.