కుండను తరగతి బయట పెట్టొద్దు

ఉష్ణగతిక శాస్త్రం రావాలంటే సూత్రాలు బట్టీ పట్టాలి, వందల లెక్కలు చేయాలి. కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోసి చల్లదనం చూపించడం ఏడో తరగతి ముచ్చట. మన ఇంటర్ చదువుల్లో ఈ మాటకు ఎదురులేదు. నేను ఒప్పుకోను. గిబ్స్ శక్తి సూత్రాన్ని నిద్రలో కూడా అప్పజెప్పే పిల్లవాణ్ని ఆ కుండ ముందు కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగితే, వాడికి ఏది వచ్చో ఏది రాదో తేలిపోతుంది.

మే నెల, రామగుండం. ఎండ 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. కుండ 24 డిగ్రీల దరిదాపుల దాకా చల్లబడగలదు. ఫ్రిజ్ ఆ పని చేయాలంటే కరెంటు తాగుతుంది. మరి దీన్ని నడిపేదేమిటి? నీరు ఆవిరవుతోంది కాబట్టి అంటారు పిల్లలు. సరే, ఆవిరి కావడానికి నీటికి వేడి కావాలి. వేడిని మింగే పని, ఎవరూ తోయకుండా, దానంతటదే ఎందుకు జరగాలి? తరగతి మౌనంగా ఉండిపోయేది ఇక్కడే, అసలు పాఠం మొదలయ్యేదీ ఇక్కడే. నీటి అణువులు పొడిగాలిలోకి చెదిరిపోతే ఎంట్రోపీ పెరుగుతుంది. చల్లబడిన చోట తగ్గినదాని కన్నా ఈ పెరుగుదల ఎక్కువ. కుండకు ఇంధనం గాలిలోని పొడిదనం.

నమ్మకం కుదరకపోతే అదే కుండను విశాఖ ఉక్కపోతలోకి తీసుకెళ్లండి. 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న పూట అది 30 దగ్గరే ఆగిపోతుంది. అదే మట్టి, అదే కుమ్మరి చెయ్యి. మట్టికే చలవగుణం ఉందని మురిసిపోయేవాళ్లకూ ఇదే జవాబు. ఇంకా అనుమానముంటే ఒకే సారె మీద చేసిన రెండు కుండలు తెచ్చి, ఒకదానికి బయటంతా ఎనామిల్ రంగు పూసి, రెండింట్లో నీళ్లు పోసి మూత పెట్టండి. రంగు పూసిన కుండలో నీళ్లు గది వేడికే వస్తాయి.

24 దగ్గరే ఎందుకు ఆగింది? చాలామంది సమతాస్థితి వచ్చిందని రాస్తారు. తప్పు. నీరు ఇంకా ఆవిరవుతూనే ఉంది. గాలి నుంచి కుండలోకి వచ్చే వేడి, ఆవిరితో బయటికి పోయే వేడి సరిసమానమయ్యాయి, అంతే. ఇది నిలకడ స్థితి. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే ఇంజినీరింగ్ పూర్తి చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. చూసే అవకాశం వాళ్లకు ఎవరిచ్చారు?

సిలబస్ ఎలా పూర్తవుతుందని అడుగుతారు. కుండ సర్దడానికి పావుగంట చాలు. తర్వాత దాని పని అది చేసుకుంటుంది. ఇక బొమ్మలతో పెద్ద శాస్త్రం రాదన్న వాదన ఉందే, అది చరిత్ర తెలియని మాట. 1763-64లో గ్లాస్గో విశ్వవిద్యాలయం జేమ్స్ వాట్ చేతికి మరమ్మతు కోసం ఇచ్చిన న్యూకమెన్ యంత్రం పాఠం చెప్పడానికి చేయించుకున్న నమూనా. అంత చిన్న బొమ్మ అంత ఆవిరి ఎందుకు తాగుతోందని వాట్ తల బద్దలు కొట్టుకోవడం వల్లే వేరు కండెన్సరు పుట్టింది. ఆవిరి యంత్రాల నుంచి ఎంత పని రాబట్టవచ్చని సాదీ కార్నో పుస్తకం రాసింది 1824లో. యంత్రం ముందు, సిద్ధాంతం తర్వాత. ఉత్తర నైజీరియాలో 1990లలో ఈ జంట కుండను కూరగాయల నిల్వ కోసం ఊరూరా పంచిన మొహమ్మద్ బా అబ్బా కూడా కుమ్మరుల ఇంట పుట్టిన ఉపాధ్యాయుడే.

లెక్కలు వద్దనడం లేదు. లెక్క కుండలోంచి పుట్టాలంటున్నాను. లోపలి కుండలో 40 డిగ్రీలకు కాగిన పది లీటర్ల నీళ్లున్నాయి. వాటిని 25కు దించాలంటే దాదాపు 630 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. ఆ ఉష్ణోగ్రతల్లో కిలో నీరు ఆవిరైతే సుమారు 2,430 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అంటే పావుకిలోకు కాస్త పైన, 260 గ్రాములు చాలు. ఇసుకనూ కుండనూ పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి మొత్తం కుండను తూకం వేయించండి. తగ్గిన బరువు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ మిగతా నీళ్లు ఏ వేడిని మోసుకుపోయాయో, అది ఏ దారిన లోపలికొచ్చిందో పిల్లల్నే వెతకనివ్వండి.